పిల్లుల కమిటీ మావయ్యగారు

మా మావయ్యగారు పోయి మూడు వారాలు దాటింది. మధ్యాహ్నం భోజనం చేసి పడక్కుర్చీలో ఒరిగినవారు కాఫీ వేళకు లేవలేదు. రాజమండ్రిలో చీరల కొట్టున్న మనిషి కాబట్టి పరామర్శకు చాలామందే వచ్చారు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి నన్ను ఒకటే అడిగారు. “ఏవండీ, ఆయన పిల్లులకేదో కమిటీ నడిపేవారట. పిల్లులకి కమిటీ ఏంటండీ?” చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. కోడలిగా వచ్చి ఆ కమిటీకి మినిట్సు రాసిన పాపానికి ఆ జవాబు నా వాటాకే పడింది. అందుకే ఒక్కసారి ఇక్కడ రాసేస్తున్నాను. ఇక నన్నెవరూ అడక్కండి.

జాతి పిల్లులు పెంచేవాళ్ళకు ఒక సంఘం ఉంటుంది. దాని పెద్ద కౌన్సిల్ మద్రాసులో కూర్చునేది. ఆ కౌన్సిల్ కింద ఒక్కో జాతికి ఒక్కో సలహా కమిటీ. ఆ జాతి పిల్లి మొహం ఎలా ఉండాలి, బొచ్చు ఎంత ఉండాలి, దేన్ని రిజిస్టరు చేయొచ్చు, దేనిచేత పిల్లల్ని పెట్టించకూడదు, పోటీల్లో జడ్జీగా ఎవరు పనికొస్తారు, ఇవన్నీ కమిటీ ఆలోచించి రాసి పంపాలి. ముద్ర వేసేది మాత్రం కౌన్సిలే. మా గోదావరి జిల్లాల్లో అప్పట్లో కొన్ని ఇళ్ళవాళ్ళు పర్షియన్ పిల్లుల్ని సరదాగా పెంచేవాళ్ళు కాబట్టి ఆ జాతి కమిటీ మా నెత్తిన పడింది. ఐదుగురు సభ్యులు, అధ్యక్షులు మావయ్యగారు. “మనది సలహా చెప్పేంతవరకే అమ్మాయ్, వినడం వాళ్ళిష్టం” అనేవారు. వినకపోవడమే వాళ్ళకు ఎక్కువ ఇష్టమని నాకు మొదటి ఏడాదే అర్థమైంది.

ఆయనకు ఈ పిచ్చి కలకత్తాలో అంటుకుంది. చీరలు కొనడానికి వెళ్ళి, సరుకుతో పాటు బుట్టలో ఒక ఆడపిల్లినీ మగపిల్లినీ పెట్టుకొచ్చారట. నేను కాపురానికి వచ్చేసరికి ఇల్లంతా వాటి సంతానమే. మాది నీచు ముట్టని ఇల్లు. భీమవరం నుంచి వాటికోసం వచ్చే ఎండుచేపల్ని అత్తగారు పెరటి గడప దాటనిచ్చేవారు కాదు. కొట్లోకి వచ్చే బేరాలకు పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగిపోతారని గుమాస్తాలు గోల పెట్టేవాళ్ళు. మావయ్యగారు మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చుని, “పర్షియా నుంచి వచ్చిందండీ, దానికి మన శకునాలు తెలియవు, లోపలికి రండి” అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి చాలామంది లోపలికే వచ్చేవాళ్ళు.

అసలు బాధ ముక్కు దగ్గర వచ్చింది. పర్షియన్ పిల్లికి మొహం ఎంత చదునైతే అంత అందమని జడ్జీలు బహుమతులిస్తూ పోయారు. పెంచేవాళ్ళు ఇంకా చదును, ఇంకా చదును అని జతలు కట్టారు. చివరికి ముక్కు రెండు కళ్ళ మధ్యకు ఎక్కి కూర్చుంది. అలాంటి పిల్లలు పుట్టగానే పాలు తాగాలంటే ఊపిరి ఆడదు, ఊపిరి తీయాలంటే పాలు వదిలి నోరు తెరవాలి. మా ఇంట్లోనే ఎన్ని పోయాయో. మావయ్యగారు అరచేతిలో పిల్లను పెట్టుకుని చెవి దగ్గరికి తెచ్చుకుని దాని ఊపిరి గురగురలాడటం వినేవారు. ఆ గురగుర ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే పట్టుకుని ఉండేవారు. కొట్టు తెరిచే వేళ మించిపోయినా పట్టించుకునేవారు కాదు. ఆయన కోరింది ఒక్కటే రూలు. ముక్కు పైఅంచు కంటి కిందిఅంచును దాటిన పిల్లికి బహుమతి ఇవ్వకూడదు, దానిచేత పిల్లల్ని పెట్టించకూడదు.

దానికోసం మా ఇంట్లో మీటింగు పెట్టారు. గుత్తివంకాయ, పులిహోర, పూతరేకులు, అన్నీ నా చేతిమీదుగానే నడిచాయి. భోజనాలయ్యాక ఆయన రూలు చదివి వినిపించారు. కాకినాడ నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మగారు తల ఊపారు. భీమవరం ఐసు ఫ్యాక్టరీ యజమాని విస్తరి ముందు నుంచి లేచిన తృప్తితో, “మీరు చెప్పాక ఇంకేముందండి, అలాగే కానివ్వండి” అన్నారు. జిల్లా మొత్తంలో పేరున్న మగపిల్లి ఆయనదే. రొయ్యల కోసం ఐసు చేసే ఫ్యాక్టరీలో, చల్లటి గదిలో దాన్ని రాజాలా పెంచేవారు. దాని మొహం గోడకేసి నొక్కినట్టుండేది. మిగిలిన ఇద్దరూ “అలాగేనండి” అన్నారు. ఏకగ్రీవమని నేను రాసి పంపాను.

కొన్నాళ్ళకు మద్రాసు నుంచి ఫోన్ వచ్చింది. “మీ సభ్యులు ముగ్గురు మాకు విడిగా చెప్పారండి, ఈ రూలు వాళ్ళకు ఇష్టం లేదట” అన్నాడు అక్కడి సెక్రటరీ. మావయ్యగారు ఫోన్ పెట్టేసి ఆ మాట నాకు చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళకు వడ్డించిన పూతరేకులు గుర్తొచ్చి మరీ మండింది.

“వాళ్ళనేం అనకమ్మాయ్. మన ఇంట్లో భోంచేసి, మన మొహం మీద కాదని ఎలా అంటారు? మర్యాద తెలిసినవాళ్ళు. తప్పు నాది” అన్నారు.

రెండోసారి భోజనం మానేసి కాఫీ మాత్రమే ఇచ్చారు. కాఫీ తాగి కూడా వాళ్ళు “అలాగేనండి” అన్నారు. మళ్ళీ మద్రాసు నుంచి అదే ఫోన్. పోనీ వాళ్ళిళ్ళలో పెడదామంటే, అతిథిగా వెళ్ళి ఆ ఇంటి పిల్లినే తప్పుపట్టడం ఈయనకు చేతకాలేదు. నేనైతే రాజీనామా ఇచ్చేయమన్నాను. అప్పుడాయన ఆలోచించి ఆలోచించి ఒక చోటు కనిపెట్టారు. నిడదవోలు జంక్షన్‌లో వెయిటింగ్ హాలు. అటు భీమవరం బండి, ఇటు రాజమండ్రి బండి, అందరికీ అందుబాటు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఎవరూ ఎవరింటికీ వచ్చినట్టు కాదు. “ఎవరి క్యారేజీ వాళ్ళే తెచ్చుకోండి, ఎవరి టీ వాళ్ళే తాగండి” అని ముందే చెప్పేశారు. అందరూ విచిత్రంగా చూశారు కానీ వచ్చారు.

ఆ రోజు ఆ చెక్క బెంచీల మీద నేను మొదటిసారి ఆ కమిటీ నిజం మాట్లాడటం విన్నాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన మొహం ఎర్రబడిపోయింది.

“కాదండి. నేనొప్పుకోనండి. నా పిల్లి పేరు చెప్తే మద్రాసు వాళ్ళు లేచి నిలబడతారు. దాన్ని రేపటినుంచి పనికిరాదంటే నేనేం చేసుకోవాలండి?”

“పుట్టినవాటిలో ఎన్ని బతుకుతున్నాయో అది కూడా చెప్పండి” అన్నారు డాక్టరమ్మగారు.

“బతికినవి ఛాంపియన్లండి!”

బెంచీ చివర బస్తా మీద పడుకున్న ముసలాయన లేచి, ఆస్తి పంపకాలనుకున్నాడేమో, “సర్దుకుపొండి బాబూ” అన్నాడు. చేతులెత్తిస్తే రూలుకు ఇద్దరు, కాదని ముగ్గురు. మావయ్యగారు లేచి అందరికీ నమస్కారం పెట్టారు. తిరుగు బండిలో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆయన్ని అంత అలిసిపోయి నేనెప్పుడూ చూడలేదు. కొవ్వూరు దాటాక మాత్రం, “ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడాలో తెలియలేదమ్మాయ్. ఇవాళ తెలిసింది” అన్నారు.

తరవాత మీటింగులన్నీ అక్కడే. ఎండల్లో, ముసురులో, బండ్లు ఆలస్యమైన రోజుల్లో ఎన్నిసార్లు వెళ్ళామో నాకు లెక్క లేదు, గుర్తుచేసుకునే ఓపికా లేదు. ప్రతిసారీ ఓడిపోవడమే. ఒక వానాకాలం ఐసు ఫ్యాక్టరీ ఆయన మీటింగుకు ఆలస్యంగా వచ్చారు. గడ్డం మాసి ఉంది. ఆ వారం ఆయన పిల్లి పిల్లల్ని, ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని తనే డ్రాపరుతో పాలు పోశారట. ఒక్కటీ దక్కలేదు. మావయ్యగారు పక్కకు జరిగి చోటిచ్చారంతే. చేతులెత్తే వేళకు రూలుకు మూడో చెయ్యిగా ఐసు ఫ్యాక్టరీ ఆయనది లేచింది. ఇంకో ఏడాది అటూ ఇటూ తిప్పి కౌన్సిల్ కూడా ముద్ర వేసింది.

ఆ రూలు కింద మొదట తప్పినవి మా ఇంటి పిల్లులే. కలకత్తా జత వంశం అంతా ముక్కు ఎక్కినదే. అధ్యక్షుల ఇంటివని ఒకటి రెండు వదిలెయ్యొచ్చని మద్రాసు వాళ్ళన్నారు. “మన ఇంటి నుంచే మొదలుపెడదాం” అని మావయ్యగారు డాక్టరమ్మగారిని పిలిపించి అన్నిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేశారు. అవి ఒక్కొక్కటే ముసలివై పోయాయి. కిందటేడు ఆఖరిది కూడా పోయింది. ఆయన కొత్తది తెచ్చుకోలేదు. సాయంత్రాలు ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చునేవారు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఐసు ఫ్యాక్టరీ ఆయన వచ్చారు. చేతిలో మూత ఉన్న బుట్ట. నేనిచ్చిన కాఫీ తాగుతూ, “ఆ వానాకాలం తరవాత ఇన్నేళ్ళూ నేను పిల్లల్నే పెట్టించలేదండి. మా ఇంట్లో రూలు ప్రకారం పుట్టిన మొదటి ఈతండి ఇది. తల్లి పాలు మానాక తెచ్చి చూపిద్దామనుకున్నాను. ఇంకొన్నాళ్ళుంటారనే అనుకున్నానండి” అన్నారు. బుట్ట నా ముందుకు జరిపారు.

“నాకు ఓపిక లేదండీ, తీసుకెళ్ళిపోండి” అన్నాను. నిజంగానే లేదు.

ఆయన కప్పు కింద పెట్టారు. “కాదండి. ఇది ఇక్కడే ఉండాలి” అన్నారు, నా మొహం మీదే.

ఆయన వెళ్ళాక మూత తీశాను. పాతగుడ్డ మధ్య బూడిదరంగు పిల్ల నిద్రపోతోంది. చప్పుడు లేదు. నాకు భయమేసి వంగి చెవి ఆనించాను. అప్పటికీ చప్పుడు లేదు. నా చెంపకు వెచ్చగా గాలి తగిలింది, ఆగింది, మళ్ళీ తగిలింది. దాని నోరు మూసే ఉంది.