సుగుణమ్మ జర్మన్

నిన్న మా మేనల్లుడి చేను దగ్గర నిలబడితే, కొండమీది గాలిమర రెక్కలు గాలిని కోస్తున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వింటే నేను ఛాతీ విరుచుకుంటాను. తొంభైల చివర్లో ఆ మరలు నిలబెట్టడానికి జర్మనీ నుంచి మనుషులు దిగినప్పుడు, జిల్లా మొత్తంలో వాళ్ల భాష తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నా నోరు లేకపోతే ఒక్క రెక్కా తిరిగేది కాదు. కానీ ఆ వెంటనే సుగుణమ్మ గుర్తొస్తుంది. విరుచుకున్న ఛాతీ కాస్త దిగుతుంది.

నేనొక్కణ్నే అన్నది కాస్త పెంచి చెప్పిన మాట. సుగుణమ్మది మా జిల్లాలోనే పామిడి. ఆస్ట్రియాలో, వియన్నా ఆసుపత్రిలో పాతికేళ్లు నర్సుగా పనిచేసి వచ్చి, అనంతపురంలో మా వీధిలోనే ఇల్లు తీసుకుంది. అప్పటికి నేను హైదరాబాదులో నేర్చుకున్న జర్మన్‌ను, గుమ్మానికి బోర్డు కట్టి పిల్లలకు చెప్పుకుంటున్నాను. ఆమె బోర్డు కూడా కట్టలేదు. అయినా నా వరండాలో చెప్పులు తగ్గాయి, ఆమె వరండాలో పెరిగాయి. సాయంత్రం పూట అక్కడి నుంచి నవ్వులు వినబడేవి. జర్మన్ పాఠంలో నవ్వడానికి ఏముంటుంది? నా దగ్గర ఎవడూ ఏనాడూ నవ్విన పాపాన పోలేదు.

ఒకనాడు ఉండబట్టలేక ఆమె గేటు దగ్గరే నిలదీశాను.

“ఆలుగడ్డను నేను కార్టోఫెల్ అని నేర్పితే మీరు ఎర్డాప్ఫెల్ అంటాండారంట. జనవరికీ ఇంకేదో పేరంట. పిల్లోళ్లు చెడిపోతారమ్మా!”

“వియన్నాలో అట్లే అంటారు సారూ. మనం చేసినాడు అంటాం, బెజవాడోళ్లు చేశాడు అంటారు. ఎవరిది తప్పు?”

“పుస్తకంలో ఉండేదే ఒప్పు.”

“ఆ పుస్తకం యా ఊర్లో పుట్టిందో కనుక్కోండి. రాండి, కాఫీ తాగుదురు.”

నేను తాగలేదు. కడుపులో అప్పటికే మంటగా ఉంది.

కొన్నాళ్లకు గాలిమరల కాంట్రాక్టరు దుబాసీగా నన్ను పిలిచాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొండెక్కాను. మరలు చూపించడానికి సుగుణమ్మ కూడా తన దగ్గర చదివే పిల్లల్ని తీసుకొచ్చింది. మంచిదే, చూడనీ అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం మరమీంచి ఒక ముసలి మెకానిక్కు దిగాడు. జర్మనీ దక్షిణపు కొండల్లోని పల్లెటూరివాడు. నా స్వాగత వాక్యం అప్పజెప్పాను. ఆయన ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తల ఊపాను. మళ్లీ అన్నాడు. ఇంకా గట్టిగా ఊపాను.

“ఏమంటాండాడు సార్?” అన్నాడు కాంట్రాక్టరు.

“మన ఊరు బ్రహ్మాండంగా ఉందంట.”

“ఊరు గాదప్పా!” వెనకనుంచి సుగుణమ్మ కేక. “ఎండకు కండ్లు తిరుగుతాండాయంట. జల్దీ నీడకు తీసుకపోండి!”

ఆయన అప్పటికే మోకాళ్లమీద కూలబడ్డాడు. ఆమె తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించి, ఆయన యాసలోనే పలకరించింది. వియన్నా మాటకూ ఆ కొండమాటకూ చుట్టరికమట. తేరుకున్నాక ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, సొంత ఊరి మనిషి దొరికినట్టు ఒకటే మాట్లాడాడు. నా జీవితంలో ఎవరూ నాతో అంత ఇష్టంగా జర్మన్ మాట్లాడలేదు.

అందరూ నావైపు చూస్తుంటే ఆమే అంది: “సారుది పుస్తకం జర్మన్. అది యాడైనా చెల్లుతాది. ఈయప్పది కొండమాట, సారుకు యాడ తగులుతాది?” తిట్టినా అంత మండేది కాదు.

ఆ తరువాత, ఆమె గుట్టేమిటో కనిపెడదామని నాలుగు రోజులు ఆమె క్లాసుకు వెళ్లి, వెనక గోడకానుకుని కూర్చున్నాను. సుగుణమ్మ ఇప్పుడు లేదు. నాకు మాత్రం ఒక అలవాటు మిగిల్చిపోయింది. ఎవరు నోరు తెరిచినా ముందు ఏ ఊరి మాటో వింటాను. తప్పొప్పుల సంగతి ఆ తరువాతే.

ఇదంతా చదివి మా ఆవిడ కళ్లజోడు తీసింది.

“నాలుగు దినాలా? ఆయమ్మ మంచాన పడేదాంక పోయినావు. వెనక గోడ యాడిది, ముందర చాప నీదే. ఇంగ కాఫీ తాగలేదంట! దినామూ ఆడ తాగొచ్చి, నా కాఫీకి వంకలు పెడ్తాంటివి. అది రాయి.”