చీర మడిచిన కోపిష్టి మొగుడు

ఆ రోజుల్లో మాకు నాటకాల పిచ్చి బాగా ముదిరి ఉండేది. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో. చేతుల్లో సెల్‌ఫోన్లున్నా, మొహానికి రంగేసుకుని నలుగురి ముందు నిలబడితే తప్ప బతుకు బతుకులా అనిపించని వయసు. ప్రొద్దుటూరులో మాది బట్టలంగడి. పగలంతా చీరలు పరిచి చూపించడం, కొనకుండా వెళ్లినవాళ్ల వెనకాల వాటిని మడవడం నా పని. సాయంత్రం కాగానే రిహార్సల్ అంటూ జారుకునేవాణ్ణి. మా నాయనకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. ఒక్కగానొక్క కొడుకు, తాతలనాటి అంగడిని గాలికొదిలేసి వేషాలేసుకుంటూ తిరుగుతాడేమోనని ఆయన దిగులు.

జమ్మలమడుగులో మా కుర్రాళ్ల బృందం ఒక సాయంత్రం మూడు నాటికలు వేయబోతోందని తెలిసి, నాయన తీర్పు ముందే చెప్పేశాడు. "నేనూ వచ్చి చూస్తా. నీకు యాక్టింగు వచ్చనిపిస్తే నీ ఇష్టమొచ్చినట్ల పో. లేదంటే రేపట్నించి నోరు మూసుకోని అంగట్లో కూచో." నేను సరేనన్నాను. (నాకు యాక్టింగు రాదని ఎవరు చెప్పినా నమ్మే వయసు కాదది.)

నేనున్నది మూడో నాటికలో. రాసిందీ, డైరెక్షన్ చేసిందీ మా మీసాల సారు. జనం ఏడవకపోతే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. పైరు ఎండిపోయిన రైతును నేను. పెళ్లాం పుట్టింటి నుంచి కొత్త చీర తెచ్చుకుంటుంది. నాకు రోషమొచ్చి, దాన్ని నేలకేసి కొట్టి, "ఇంక నీకూ నాకూ చెల్లు" అని గడప దాటాలి. ఆమె ఏడవాలి, ఆమెతోపాటు హాలంతా ఏడవాలి. పెళ్లాం వేషం మా వీధి టీచరమ్మ కూతురిది. రిహార్సళ్లలో చీరకు బదులు ఒక తువ్వాలు వాడాం. కొంప ముంచింది అదే.

ఆ సాయంత్రం సారు వాళ్లావిడ పట్టుచీర తెచ్చిచ్చాడు. నేను కళ్లెర్రజేసి విసిరికొట్టాను. అది మడతలు విడిపోయి స్టేజీ మీద బారుగా పరుచుకుంది. "మీ పుట్టింటోళ్లు పెట్టిన గుడ్డ నా కొంపలో ఉండేదానికి లేదు" అంటూనే వంగాను. ఎందుకు వంగానో ఈనాటికీ చెప్పలేను. పరిచిన చీర కంటపడితే నా చేతులు ఊరుకోవు, అంతే. అంచుకు అంచు కలిపి, గడ్డం కింద నొక్కిపెట్టి, జరీ ఒరుసుకోకుండా లోపలికి వచ్చేటట్టు తిప్పి, కుదురుగా మడిచాను. నోరు మాత్రం గర్జిస్తూనే ఉంది (గడ్డం కింద చీర ఉండటం వల్ల గర్జన కాస్త ముక్కుతో వచ్చింది). చివరికి "ఇంక నీకూ నాకూ చెల్లు" అని, మడిచిన చీరను ఆమె ముందు పెట్టి, అరచేత్తో ఒకసారి నిమిరాను కూడా.

హాలంతా గొల్లున నవ్వింది. టీచరమ్మ కూతురు ఏడవాల్సింది పోయి, "పోతే పోతాండావు గానీ, ఆ పెట్టెలో ఉండేటివి గూడా మడిచిపెట్టి పో మామా" అంది. ఇక ఈలలే ఈలలు. పక్కనుంచి మీసాల సారు "తెర ఎయ్యండ్రా" అని తల పట్టుకున్నాడు. నేను ముందు వరస వైపు చూశాను. నవ్వనివాడు మా నాయన ఒక్కడే. రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు. నా నాటకాలకు ఈ పూటతో మంగళమే అనుకున్నాను. ఏడుపొచ్చింది, అదీ తెర పడ్డాక.

తిరుగు బస్సులో నాయన పక్కన కూచున్నాను. ఉండబట్టలేక నేనే, "ఇంక మానేస్తాలే నాయనా" అన్నాను.

"నిన్నెవురు మానేయమన్నారు? నీకు యాక్టింగు రాదు, ఆ సంగతి వేరే. ఆ మడత యాడ నేర్చినావు?"

"మన అంగట్లోనే. ఇంక యాడ నేరుస్తా?"

"నేను నేర్పలేదే. నాకే అంత కుదురుగా రాదు. మా నాయన మడిచేది అట్లనే." సీట్లో వెనక్కి వాలాడు. "పో, ఆడుకో పో నాటకాలు. అంగడి గురించి ఇంక నాకు బెంగలేదు."

నేను పొంగిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆడాను కూడా. ఒకడు పులివెందులలో ఉద్యోగమని, ఇంకొకడు పెళ్లని, బృందంలో ఒక్కొక్కరే జారుకున్నారు. నేనెక్కడికీ పోలేదు, అంగట్లోనే ఉన్నాను. ఆ బస్సులో నాయన దగ్గర పంతం నెగ్గించుకున్నానని, మీసం సరిగా రాని మూతి తడుముకుంటూ మురిసిపోయిన కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే ముద్దూ వస్తుంది. పక్క సీట్లో ఆయనెందుకంత నిశ్చింతగా నిద్రపోయాడో వాడికి అప్పుడు తట్టనే లేదు.