ఇంగ్ పెట్టకూడని మాట

మా బాపు చేవెళ్లలో ఒక తెల్ల దొరసాని బంగళాలో వంట చేసేవాడు. ఆమె చర్చి తరఫున మా వాడలో ఆడపిల్లలకు బడి నడిపేది. అది నిజాం రాజ్యం. కచేరీలోనూ సర్కారు బడిలోనూ ఉర్దూయే. మాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు అబ్బాయంటే ఆమె వల్లే.

ఒకరోజు మాటకు తోక తగిలించి కొత్త మాట చేయడం నేర్పింది. టీచ్ అంటే చదువు చెప్పడం, దాని చివర ‘అర్’ చేరిస్తే టీచర్. సింగ్ అంటే పాడటం, పాడేవాళ్లు సింగర్. మీ నాన్న ఏం చేస్తాడో చెప్పమని నన్ను లేపింది. కుక్ అంటే వండటమని బంగళా వంటింట్లో విని ఉన్నాను. గట్టిగా, “మై ఫాదర్ ఈజ్ ఎ కుకర్” అన్నాను.

దొరసాని నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. వండే మనిషినీ కుక్ అనే అంటారట. కుకర్ అంటే పొయ్యి అట! సాయంత్రం చెబితే బాపు ఏమీ నొచ్చుకోలేదు.

“సరిగ్గనే అన్నవ్ బిడ్డా. పొద్దుగాల్నుంచి మండుతనే ఉన్న గద,” అన్నాడు.

నాకు మాత్రం పౌరుషం వచ్చింది. ఆ తర్వాత దొరసాని చెప్పిన ప్రతి ముక్కా పట్టుకున్నాను. అందులో నాకు బాగా నచ్చింది క్రియల సంగతి. తినడం, ఉరకడం, రుబ్బడం జరుగుతున్న పనులు, వాటి చివర ‘ఇంగ్’ పెట్టవచ్చు. తెలిసి ఉండటం, కలిగి ఉండటం పనులు కావు, మనిషి ఉన్న స్థితులు. వాటికి పెట్టకూడదు. తెలుగులోనూ “నాకు తెలుసు” అంటామే గాని “నేను తెలుస్తున్నాను” అనం కదా! ఆ సూత్రాన్ని పది ఆజ్ఞల పక్కన పదకొండోదిగా పెట్టుకున్నాను.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాకు మొయినాబాదు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు అక్కడి చిన్న బడిలో పంతులు. పిల్లకు ఇంగ్లీషు వచ్చునని విని, ఎండలో నల్లకోటు తొడుక్కుని, తల్లితో ఎడ్లబండిలో దిగాడు. కూర్చోగానే గోడవైపు చూస్తూ, “ఐ యామ్ హావింగ్ టూ బఫెలోస్” అన్నాడు. తనకు రెండు బర్రెలున్నాయని చెప్పడం.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

“హావింగ్ అనొద్దు, హావ్ అనాలె. దానికి ఇంగ్ పెట్టరాదు,” అన్నాను.

అమ్మను మేం అవ్వ అంటాం. ఆ అవ్వ వెనక నుంచి నా జడ గుంజింది. చాయ్ పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన బాపుకు చివరి మాటే వినబడింది.

“ఇంగువనా? చాయ్‌ల ఇంగువ ఎవడన్న ఏస్తడా? నేనెయ్యలే!” అన్నాడు కంగారుగా.

పిల్లవాడి మొహం ఎర్రబడింది. “ఎందుకు పెట్టరాదు?” అని నన్నే అడిగాడు.

“బర్రెలుండుడు పని కాదు. పాలు పిండుడు పని. పిండేటప్పుడు పెట్టుకోండ్రి.”

“నేను పిండ. మా అవ్వ పిండుతది.”

అవునన్నట్టు వాళ్లమ్మ తల ఊపింది.

ఇక ఈ సంబంధం పోయినట్టేనని మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను బాపు చేతిలోంచి కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగి, ఈసారి నేరుగా నా మొహంలోకి చూస్తూ, “ఐ యామ్ హావింగ్ టీ” అన్నాడు.

తప్పని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. చాయ్ తాగడం పనే. అక్కడ హావింగ్ చెల్లుతుంది. దొరసానీ అట్లాగే అనేది.

“ఇప్పుడేమంటవ్?” అన్నాడు.

“ఇది సరైందే.”

“మరి ఇందాకటిది?”

“అది తప్పే.”

అతను పగలబడి నవ్వాడు. చాయ్ కోటు మీద ఒలికింది. “ఏమాయెరా, ఏమాయె?” అని వాళ్లమ్మ లేచింది.

“ఏం కాలే అవ్వా. పిల్ల నచ్చింది,” అన్నాడు.

ఆ ఎండాకాలమే పెళ్లయి మొయినాబాదు వచ్చాను. వంటవాడి కూతురినని అత్తగారింట్లో నా చేతివంట మీద గొప్ప ఆశ పెట్టుకున్నారు. నిజానికి బాపు నన్ను పొయ్యి దగ్గరకు రానిచ్చిందే లేదు, ఎప్పుడూ పుస్తకం పట్టమనేవాడు. మొదటిరోజు జొన్నరొట్టె, పప్పు చేసి పెట్టాను. రొట్టె తుంచడానికి ఆయనకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. కాసేపు నమిలి, “ఈటబుల్” అన్నారు.

ఈట్‌కు ‘ఏబుల్’ చేరిస్తే తినదగినది అని అర్థం. మాట కట్టడంలో ఎక్కడా తప్పు లేదు. నాకు చాలా సంతోషమైంది.

“ఏమన్నడు?” అని అత్తమ్మ అడిగింది.

“తినొచ్చు అన్నడు అత్తమ్మా.”

ఆమె కొడుకు కంచంలోకి వంగి చూసింది. “తినొచ్చు అన్నోడు తింటలేడేంది మరి?”

ఆయన నీళ్ల చెంబు ఎత్తి మొహం దాచుకున్నారు. ఆ సాయంత్రం అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసకడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.