తూటా ఏరిన రోజు

పెళ్లయిన తొలి ఏడాది, ఆదిలాబాద్ దగ్గర అత్తవారి చేన్లో పత్తి ఏరుతున్నాం. పులి తిరుగుతోందని కూలీలు భయపడితే మా మామగారు లైసెన్సు రివాల్వర్‌తో కాపలాకు వచ్చారు. పేల్చినప్పుడు చేయి అదురుతోందని అందులో గురి సాధనకు వాడే తేలిక తూటాలే వేసేవారు.

"గవి పులిని ఆపుతయా, పటేలా?" అంది కూలీ లక్ష్మవ్వ.

రోషంతో ఆయన పత్తి నింపిన బోరెం, అంటే పెద్ద గోనెసంచి మీద కాల్చారు. తూటా అవతలికి రాలేదు! మిల్లులో బయటపడితే పరువు పోతుందని, సాయంత్రం దాకా పత్తి మాని తూటా ఏరాం.

చివరికి దొరికింది లక్ష్మవ్వకే. "పత్తినే దాటలే, ఇగ పులిని ఆపుతదా?" అంది.

మర్నాడు, తనవైపే చూసే మనిషి మీదికి పులి రాదని, అది వెనకనుంచి దూకకుండా, కూలీలు తల వెనక మనిషి ముఖం మాస్కులు కట్టుకొచ్చారు. మామగారు రివాల్వర్ తేలేదు.

"నాకొకటియ్యి, లక్ష్మవ్వా," అన్నారు మెల్లగా.

ఇప్పటికీ మామగారు తన ధైర్యం గురించి చెప్తుంటే, నా చూపు ఆయన తల వెనక్కే పోతుంది.