జడ వేస్తూ చెప్పిన పేర్లు

ఆస్ట్రేలియాలో టూవూంబా నుంచి బ్రిస్బేన్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, స్కాట్లాండ్‌కి అవతల సముద్రంలో ఎక్కడో ఉన్న చిన్న దీవిలో తన పూర్వీకులెవరో తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి వెతికి విసిగిపోయింది.

"ఆ దీవిలో అందరిదీ ఒకే ఇంటిపేరు. పేర్లు చూస్తే సగం మంది మగవాళ్ళు డోనల్‌లే. వాళ్ళలో మా పూర్వీకుడు డోనల్ ఎవరో ఎలా తెలుస్తుంది?" అంది.

"మా ఊళ్ళోనూ అంతే ఆంటీ. ఒకే పేరు నలుగురికుంటే ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆయన మనవడు అంటాం. మా నాన్నగారు పోయిన పెద్దలకు నీళ్ళు వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెబుతారు," అన్నాను.

 ఆవిడ కళ్ళు మూసుకుని, జడ అల్లుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ సన్నగా రాగం తీసింది. "మోరగ్, నీల్, ఇయన్, డోనల్."

కళ్ళు తెరిచింది.

"మా అమ్మమ్మ నాకు జడ వేస్తూ రోజూ పాడేది. పిల్లల పాట అనుకున్నాను. మోరగ్ అంటే అమ్మమ్మే. నీల్ వాళ్ళ నాన్న. అయితే డోనల్..."

"ఇయన్ గారి నాన్న," అన్నాను.

ఆవిడ సీట్లోంచి లేచి నిలబడి, గెలిచిన జట్టు పేర్లు చదివినట్టు ఆ నాలుగు పేర్లూ బస్సంతా వినేలా చదివింది. సంగతేమిటో తెలియకపోయినా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మా అమ్మాయికి జడ వేస్తూ నా పేరు, మా నాన్న, తాత, ముత్తాతల పేర్లు పాడుతుంటాను. "నైస్ సాంగ్, అమ్మా," అంటుంది. అది పాట కాదని నేను దిద్దను.

నిన్న ముత్తాత పేరు నాకంటే ముందు తనే అందుకుంది.