బాపు మస్కట్ ప్రయాణం... అవ్వ గిచ్చుడు

మా చిన్నతనంలో సుల్తానాబాద్‌లో మా ఇంటి ముందు జీపు ఆగిందంటే... మా నాన్న, అదే మా బాపు, పని కోసం మళ్ళీ మస్కట్ బయలుదేరుతున్నట్టే.

పొద్దున్నుంచే ఇల్లంతా హడావుడి. బ్యాగు చుట్టూ తాడు బిగించేవాళ్ళు. లోపల అవ్వ, అంటే మా అమ్మ, కుక్కి కుక్కి పెట్టిన మామిడికాయ తొక్కు, సకినాలు... నాయనమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని శకునాలు చూసేది. బాపుకు ఎదురుగా ఎవరు రావాలో, ఎవరు రాకూడదో అంతా ఆమె ఇష్టమే. అన్నిటికన్నా పెద్ద కట్టడి ఒకటుండేది... గడప దాటిన మనిషిని "ఎటు పోతున్నావు" అని అడగకూడదు. ఎవరైనా అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయలుదేరాలి.

మా ఇంట్లో ఆ మాట అడిగేది నేనే.

కావాలని కాదు. బాపు చెప్పులు వేసుకుంటే చాలు, నా నోరు ఆగేది కాదు. బాపు నవ్వుతూ బ్యాగు దించి అరుగు మీద కూర్చునేవాడు. అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, అక్కడే తలుపుకు ఆనుకుని నిలబడేది. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. ఇక నాయనమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగేది... ఈ పొల్ల నోరు మంచిది కాదని వాడంతా వినబడేలా చెప్పేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఈసారి ఏమైనా సరే నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా మీద నాకే నమ్మకం లేదు కదా... నోటినిండా నీళ్ళు పోసుకుని వాకిట్లో నిలబడ్డాను. బాపు నా తల నిమిరాడు. గడప దాటాడు. జీపు దాకా వెళ్ళాడు... గెలిచాననే అనుకున్నాను. అప్పుడు నా వెనకాలే నిలబడ్డ అవ్వ, నా జబ్బ పట్టుకుని గట్టిగా గిచ్చింది.

నోట్లో నీళ్ళన్నీ ఫుక్కున బయటికొచ్చాయి... వాటి వెనకాలే "ఎటు వోతున్నవ్ బాపూ" కూడా.

బాపు మామూలుగానే వెనక్కి వచ్చి కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, వెళ్ళిపోయాడు. కానీ ఆసారి వెళ్ళిన మనిషి మూడేళ్ళ దాకా రాలేదు. పనిచేసే కంపెనీ మూతపడింది, ఇంకో పని దొరికేసరికి ఆలస్యమైంది. నాయనమ్మ మాత్రం అదంతా నా నోటి పుణ్యమే అంది. ఎనిమిదేళ్ళ పిల్లను... నమ్మేశాను. నోరు మూసుకోమని అవ్వ గిచ్చినా వినలేదు కదా, అందుకే బాపు రావట్లేదని ఎన్నిసార్లు దుప్పట్లో ముఖం పెట్టుకుని ఏడ్చానో నాకే తెలుసు. పెళ్ళయ్యాక కూడా మా ఆయన ఊరికి బయలుదేరుతుంటే నేను వంటింట్లోంచి బయటికి రాను. ఆయనకు అదేం జబ్బో ఇప్పటికీ అర్థం కాదు.

పోయిన నెలలో బాపు తను ఏళ్ళపాటు సెంట్రింగ్ పని చేసిన మస్కట్‌ను అవ్వకు చూపిస్తానన్నాడు. నేనూ వెంట బయలుదేరాను. ఆఫీసు పని మీద విమానాల్లో తిరిగి తిరిగి నా ఖాతాలో చేరిన పాయింట్లు ఉన్నాయి కదా... వాటితో ఇద్దరినీ హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో విమానం వాళ్ళ లాంజ్‌కు తీసుకెళ్ళాను. అన్నేళ్ళూ గేటు దగ్గర బ్యాగుకు ఆనుకుని కిందే కూర్చున్నాడట బాపు. ఇంత మెత్తటి సోఫాలు, ఇన్ని తిండ్లు ఆ గోడ వెనకాలే ఉన్నాయని ఆయనకు తెలియనే తెలియదు. ఎవరింట్లో పెళ్ళి అని నన్ను మెల్లగా అడిగాడు.

కౌంటర్లో అమ్మాయి టికెట్లు చూస్తూ, ముద్దుగా అవ్వను పలకరించింది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

నేను ఠక్కున బాపు వైపు తిరిగాను. అవ్వ మాత్రం కంగారు పడలేదు. బాపు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. "జరసేపు కూసోరాదూ, అడిగిన్రు గదా" అంది. తానేం తప్పు చేసిందో తెలియక ఆ అమ్మాయి పాపం పరుగున నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నాకు ఉక్రోషం వచ్చింది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనరు, నా వీపైతే చిట్లగొట్టారు అన్నాను అవ్వతో. నువ్వూ తక్కువేం కాదు, నోరు మూసుకోమని ఆ రోజు జబ్బ కందిపోయేలా గిచ్చావు అన్నాను.

అవ్వ నా వైపు వింతగా చూసింది.

"మూసుకొమ్మని గిచ్చిననుకున్నవా బిడ్డా... నువ్వు అడుగుతలేవని గిచ్చిన."

అవ్వే మళ్ళీ మెల్లగా అంది. "అత్త ముంగట జర ఉండుమని నేనెట్లనాలె? నువ్వు అడిగితెనే గదా, గా మనిషి ఇంకింతసేపు కూసునేది."

ముప్పై ఏళ్ళుగా మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది... అవ్వ మీద ఎంత కోపమొచ్చిందో అంతకు పదింతలు ప్రేమొచ్చింది. బాపుకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. గ్లాసు పట్టుకుని అవ్వనే చూస్తూ ఉండిపోయాడు. ప్రయాణమంటే అందరికన్నా ముందు లేచి నిలబడే మనిషి... బోర్డింగ్ మొదలైందని చెబితే, ఇంకో గ్లాసు నీళ్ళు తెమ్మన్నాడు.

ఇప్పుడు ఎవరు ఎటు పోతున్నారో ఫోన్లోనే కనిపిస్తోంది. అడిగే పనే లేదు, కాబట్టి వెనక్కి వచ్చి కూర్చునే పనీ లేదు. క్యాబ్ డోర్ వేసిన చప్పుడుతో అన్నీ అయిపోతున్నాయి...

"ఉండిపో" అని నోరు తెరిచి అనలేక మీ ఇంట్లోవాళ్ళు ఏమేం చేసేవాళ్ళో గుర్తుందా? రాయండి... అవ్వకు చదివి వినిపిస్తాను.