ముద్ర గీకేసిన తుపాకీ

మా అక్కయ్య మగడు, మా బావగారు, పోయేరు. దిండి రేవు నుంచి ఆయన పడవ సరంగే కబురు తెచ్చేడు. నేను పలివెలలో మా ఇంటి ముందు కొబ్బరికాయలు ఒలిపించుకుంటున్నాను. "ఆయ్, బావగారు పోయేరండి. జ్వరమండి, రెండు పూటలేనండి" అన్నాడు తలపాగా తీసి. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గాలివానలో సముద్రం మొగదాకా పడవ నడిపిన మనిషి జ్వరానికి లొంగడమేమిటి? పడవెక్కి కూచున్నాక మాత్రం ఆగలేకపోయేను.

ఆయన్ని గొప్ప చేసి రాయను. ఆయనకే నచ్చదు. నోరు పారేసుకునే మనిషి. కూరలో ఉప్పెక్కువైతే కంచం తోసేసి, అక్కయ్య అటు తిరగ్గానే మళ్లీ లాక్కుని తినేవారు. పడవ కట్టుతాడు ఎవరు కట్టినా విప్పి మళ్లీ తనే కట్టేవారు. నన్నయితే "పిల్లిగాడా" అనే పిలిచేవారు. నేను పిరికివాణ్ణి, దాచుకునేదేముంది? ఉరిమితే తలుపులు వేసుకునే రకం. "భయమేస్తే పని పట్టుకోరా, చేతులు వణకడం మానేస్తాయి" అనేవారు. చేతిలో పని పెట్టుకుని కూడా వణికేవాణ్ణి.

ఒక ఏడు నేను వాళ్లింట్లోనే ఉండగా రేవులో మొసలి అక్కయ్య దూడని ఈడ్చుకుపోయింది. బావగారు ఊరుకుంటారా? సర్కారువారు సిపాయిల పల్టనులో వాడిన పాత తుపాకులు వేలం వేస్తున్నారని విని, వెళ్లి ఒకటి పట్టుకొచ్చేరు. చెకుముకి రాయి నిప్పుతో పేలే రకం, నా భుజందాకా ఉంది. కర్ర నిండా గాట్లు, జిడ్డు, నల్లటి మరకలు. భుజానికి ఆనించే మడమ మీద కాల్చి వేసిన ముద్ర. పల్టనుకి పనికిరాదని తీసేసి అమ్మినట్టు దాని అర్థంట.

"ఈ మరకలు ఎవరి రక్తమోనండీ" అన్నాను.

"పులుసేమోలేరా, సిపాయిలు మాత్రం తినరూ?" అన్నారు.

గొట్టమూ ఇనప సామానూ విప్పి పక్కన పెట్టి, కర్రని బోర్లించిన పడవ మీద వేసుకుని కూచున్నారు. ఆయనకి తెలిసిన చెక్కపని పడవ పనే. చిత్రిక పట్టేరు. సొరచేప తోలుతో నునుపు చేసేరు. చేపనూనెలో గుగ్గిలం కాచి పూతల మీద పూతలు వేసేరు. ఇల్లంతా కంపు. "తుపాకీకి తెరచాప కూడా కట్టండి, తీరిపోతుంది" అని అక్కయ్య చిరాకుపడింది. కానీ ఎండలో పెడితే ఆ కర్ర బెల్లంపాకం రంగులో మెరిసింది. నేనే దగ్గరికెళ్లి నిమిరేను.

మా వైపు పాత పడవ కొంటే, పాత ఆసామి గుర్తు గీకేసి, ఆ పొట్టు పసుపు కుంకాలతో గోదాట్లో కలిపితే గాని పడవ మనది కాదు. బావగారు ముద్రకీ అదే చేసేరు. "ఒకళ్ల గుర్తుతో మన ఇంట్లో ఉంటుందిట్రా?" అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, తప్పని నాకూ తోచలేదు. తరవాత ఒక్కసారి పేల్చేరు. మొసలికి తగల్లేదు గాని కొబ్బరిమట్ట ఒకటి తెగిపడింది.

అప్పుడొచ్చింది ఉత్తరాది కబురు. సిపాయిలు తిరగబడ్డారని, పట్టుబడ్డవాళ్లని చెట్లకే ఉరి తీస్తున్నారని. వెనకాలే దండోరా వేసేరు: తుపాకీ ఉన్న ప్రతివాడూ రాజోలు తెచ్చి పోలీసు అమీనుగారికి చూపించాలి. ముద్ర లేని పల్టను తుపాకీ సిపాయిల దగ్గర నుంచి వచ్చిందే అంటారు. అంటే ఉరే.

"బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటానండీ, పాయలో పడేద్దామండీ."

"రేవంతా చూసిందిరా. పడేస్తే దొంగనే అవుతాను."

భుజాన వేసుకుని బయల్దేరేరు. నేను వెనకాల. ఎందుకు వెళ్లేనో ఇప్పటికీ తెలీదు, అక్కయ్య గుమ్మంలో నిలబడి ఏమీ అనకపోవడం వల్లనేమో.

రాజోలులో అమీనుగారు తుపాకీ మడమ తిప్పి చూసేరు. "ముద్రేదయ్యా?"

"గీకేసేనండి. పాత పడవకి చేసినట్టేనండి."

"సర్కారు ముద్ర గీకడానికి నీకెన్ని గుండెలు? అది ఉండేదని ఎవడు చూసేడు? నీ వెనకాలున్నవాడా?"

బావగారు నావైపు తిరగనైనా లేదు. "వాడాండీ? పిల్లి అరిస్తే అటకెక్కుతాడండి. జడుసుకుంటాడని వాడికి తుపాకీ చూపించనేలేదండి."

బంట్రోతులు పగలబడి నవ్వేరు. నన్ను తప్పించడానికే ఆ మాటన్నారని నాకు తెలుసు. ఊరుకుంటే నేను ఇంటికి పోవచ్చు. "నేను చూసేనండి," అన్నాను, నా గొంతు నాకే వినపడలేదు. "ముద్ర ఉండేదండి. పొట్టు గోదాట్లో కలిపినప్పుడు పక్కనే ఉన్నానండి."

"అబద్ధమైతే నీకూ ఉరే, తెలుసా?"

"ఆయ్" అని ఇంకేదో అనబోయేను, పళ్లు టకటకలాడేయి. అమీనుగారు నన్ను కిందనుంచి పైదాకా చూసేరు.

"ఇంత భయపడేవాడు అబద్ధం చెప్పడానికి ఇంతదూరం రాడు" అని తుపాకీ పక్కన పెట్టించేరు. "ఇది సర్కారుది. మీరు పొండి."

కాలవ గట్టు మీద ఇద్దరం నడుస్తున్నాం. ఊరు దాటేక బావగారు ఉన్నట్టుండి గట్టు మీద చతికిలబడ్డారు.

"కాళ్లు రావట్లేదురా" అన్నారు.

వేళాకోళమనుకున్నాను. చూస్తే మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఉరే అనుకున్నానురా. నువ్వెందుకు నోరు విప్పేవురా? ఇద్దరం పోతే మీ అక్కయ్యకెవరున్నారురా?" అని చంటిపిల్లాడిలా ఏడ్చేరు. నేను లేవదీసేను. ధాన్యం పడవ లాగుతున్నవాళ్లు ఎదురుపడి పలకరించేరు. ఆయన తలొంచుకుని, చెమటపట్టిన చేత్తో నా చెయ్యి పట్టుకుని నడిచేరు. దిండి రేవు కనిపించేదాకా వదల్లేదు.